బోల్తా పడని రిక్షా

కాలు నిలవని మనిషిని నేను. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన పాత లా పుస్తకాలను కూడా నవలల్లా చదివాను. పరువునష్టం గురించి వాటిలో ఉన్నదంతా ఒక ఎత్తు, సైదులు ఒళ్లు నేర్పింది ఒక ఎత్తు.

ఎనభై ఆరులో దిల్‌సుఖ్‌నగర్‌లో నాదొక కిరాయి గది. చుట్టూ ఇటుక కుప్పలే; నెలకో కాలనీ లేచేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన సైదులు ఆ కాలనీల పిల్లల్ని రిక్షాలో బడికి చేర్చేవాడు. ఒకరోజు పేపర్లో అతని ఫోటో పడింది. కింద 'పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మనిషి' అని. బడి రిక్షాల వార్తకు ఎప్పుడో తీసిన ఫోటోను ముఠా వార్తకు అతికించారు.

ఆ ఉదయం కాలనీ గేటు ముందు రిక్షా ఆగగానే తండ్రులు అతన్ని కిందికి లాగారు. సైకిల్ చైనుతో వీపు చీల్చారు. మూడేళ్లుగా కూతుర్ని అతనితో పంపిన గుంటూరు విశ్వేశ్వరరావు ఇటుకతో చెవి మీద కొట్టాడు. చెవి తెగి వేలాడింది. పడ్డవాణ్ణి పక్కటెముకలు విరిగేదాకా తొక్కారు. "సైదులు మామయ్యని చంపొద్దు నాన్నా!" అని పాప కేకపెడితే గానీ ఆగలేదు.

దవాఖానలో డాక్టరు అడిగితే సైదులు, "రిక్షా బోల్తా పడ్డది సార్" అన్నాడు. పేర్లు చెబితే ఆ ఇళ్ల గేట్లు తనకు మళ్లీ తెరుచుకోవని భయం.

సైదులు తరఫున పేపర్ మీద దావా వేసిన ప్లీడరు భానుమూర్తి తల పట్టుకున్నాడు. "ఫోటో తప్పని తేల్చడం తేలికేనయ్యా. కొట్టినవాళ్ల పేర్లు నువ్వు చెప్పవు; ఆ రాత నమ్మి నిన్ను చెడ్డవాడనుకున్న మనిషి కావాలి. లేకుంటే నీ పరువుకు నష్టం లేనట్టే."

సాక్షులు కావాలని మాత్రమే సైదులుకు అర్థమైంది. ఊరికి కబురు పెట్టాడు. పెదనాయన సీతారాములు పది మందిని వెంటేసుకుని ఎల్బీనగర్ చౌరస్తాలో లారీ దిగాడు. వాళ్లెరిగిన సాక్ష్యం పంచాయితీలోది: మనవాడి పక్కన నిలబడి గట్టిగా మాట్లాడటం.

"వార్త చూశాక ఇతని మీద మీ గౌరవం తగ్గిందా?" కోర్టులో పేపర్ వాళ్ల ప్లీడరు మెత్తగా అడిగాడు.

సీతారాములు రొమ్ము చరుచుకున్నాడు. "ఎట్ల తగ్గుతది సార్? గా పేపర్ను పొయ్యిల వెట్టినం. మా పోరడు బంగారం!"

మిగతా పది మందీ అదే పాట. జడ్జిగారు కలం కింద పెట్టారు. "మరి నష్టమేదయ్యా?"

ఇక మిగిలిన సాక్షి, పాపను రిక్షా మాన్పించిన తండ్రిగా భానుమూర్తి పిలిపించిన విశ్వేశ్వరరావు ఒక్కడే.

"మీ అమ్మాయిని రిక్షా ఎందుకు మాన్పించారు?" అడిగాడు భానుమూర్తి.

"బస్సు పెట్టుకున్నా..." అంటూ అతను సైదులు వైపు చూశాడు. చెవి ఉండాల్సిన చోట ముడుచుకుపోయిన తోలు.

"లేదండీ. పేపర్ నమ్మాను. నమ్మే కొట్టాను. ఇటుకతో నేనే కొట్టాను."

ఆ మాటతోనే కేసు నిలబడింది. ఆ సంగతి ఊరివాళ్లకెక్కడ తెలుసు? వరండాలోకి రాగానే సీతారాములు విశ్వేశ్వరరావు కాలరు పట్టాడు. "నువ్వేనారా!"

పదకొండు మందీ మీద పడ్డారు. తల గోడకేసి కొట్టారు. సున్నం మీద రక్తం చారలు కట్టింది. సైదులు ఉరికొచ్చి అతని మీద అడ్డంగా పడ్డాడు. సొంతవాళ్ల తన్నులు విరిగి అతుక్కున్న ఎముకల మీదే పడ్డాయి.

"ఆపుండ్రి పెదనాయనా! నా సాక్షి గాయిన!"

సైదులు తన రిక్షాలోనే అతన్ని ఎక్కించుకుని దవాఖానకు తొక్కాడు; వెనక నుంచి నేను తోశాను. అదే డాక్టరు.

"ఎవరు కొట్టారు?"

సీతారాములు గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు. విశ్వేశ్వరరావు అతన్నోసారి చూసి, నోట్లో రక్తం ఉమ్మాడు.

"రిక్షా బోల్తా పడిందండీ."

"ఎన్నిసార్లు పడుతుందయ్యా మీ రిక్షా?"

కుట్లు వేస్తున్నంతసేపూ సైదులు అతని తల కదలకుండా పట్టుకున్నాడు. ఆఖరి కుట్టుకి వంగి అడిగాడు.

"సార్, సోమవారం పాపను పంపుతరా?"

"ఎనిమిదింటికల్లా రా."