తలకట్టు బాబాయ్

బాబాయ్ ఒక వస్తువును ముట్టుకున్నారంటే, ఎప్పుడు ముట్టుకున్నారో, ఎందుకు ముట్టుకున్నారో దాని నెత్తిన రాసేదాకా ఆయనకు ఊపిరాడదు. లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాసే ఆ ఆఫీసులో ఆయనే అందరికన్నా పెద్ద, అందుకని అందరికీ బాబాయ్. ఆయన చెయ్యి పడిన ప్రతి ఫైలుకూ పైన ఒక తలకట్టు ఉంటుంది: ఎన్నో సవరణ, ఏ తేదీ, ఎవరు చేశారు, ఎందుకు చేశారు. ఒక ఫైలులోనైతే అసలు ప్రోగ్రాము నాలుగు వరుసలు, తలకట్టు నూటపది.

ఈ జబ్బు ఫైళ్ళతో ఆగితే బాగుండేది. ఆయన గొడుగు పిడికి ఒక చీటీ అంటించి ఉంటుంది: "రెండో సవరణ. కమ్మి మార్చబడింది. మార్చినది: బావమరిది. కారణం: గాలి." ఇంట్లో పంచదార డబ్బా మీద ఇలాంటివి ఆరున్నాయట. ఏడోది అంటిస్తే డబ్బాతో సహా ఆయన్ని బయటికి పంపిస్తానని వాళ్ళావిడ ఒకసారి ఆఫీసుకొచ్చినప్పుడు టీమ్ లీడరమ్మతో చెప్పుకుంది.

లీడరమ్మ అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వింది గానీ, రానురాను ఆ తలకట్లు ఆమె ప్రాణానికొచ్చాయి. ఇద్దరు మనుషులు ఒకే ఫైలులో వేర్వేరు చోట్ల పనిచేసినా, ఇద్దరూ పైన ఆ సవరణ సంఖ్యను మార్చాల్సిందే. తీరా రెండు పనులనూ కలపబోతే, ఎవరి సంఖ్య ఉంచాలో తెలియక కంప్యూటర్ మొరాయిస్తుంది. ఆ చిక్కుముడులు విప్పడంలోనే కొత్త వెర్షన్ రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా ఆలస్యమైతే టీమునే ముక్కలు చేసి తలోచోట పడేస్తానని డైరెక్టర్ తేల్చి చెప్పారు.

"బాబాయ్‌గారూ, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో, మన ఫైళ్ళన్నీ దాచిపెట్టే ఆ గిట్ ప్రోగ్రాము తనంతట తనే రాసి పెట్టుకుంటుంది కదా. మళ్ళీ మనం ఫైలు పైన రాయడం ఎందుకండీ?"

"గిట్ ఎవరు తెరుస్తారమ్మా? ఫైలయితే అందరూ తెరుస్తారు."

"మనం రోజూ తెరుస్తున్నాం కదా!"

"మనం తెరుస్తాంలే," అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఏమనుకోకండి. సోమవారం అన్నీ తీసేస్తున్నాను."

మర్నాడు పొద్దున్నే ఆమె బల్ల మీద రాజీనామా పత్రం ఉంది. దానికీ తలకట్టే: "మూడో సవరణ. కారణం: రెండో సవరణలో కోపం ఎక్కువైంది." కింద ఒకటే వాక్యం. తలకట్లు తీసేసిన రోజే తనూ వెళ్ళిపోతానని.

లీడరమ్మ ఆ పత్రాన్ని ఎవరి కంటా పడకుండా సొరుగులో పెట్టేసింది. ఆమె పని నేర్చుకున్నదే ఆయన పక్క కుర్చీలో. ఆయన లేని ఆఫీసును ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు. అలాగని టీమును చెల్లాచెదురు కానివ్వనూ లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ తలకట్లన్నీ తప్పుల తడకలని రుజువు చేస్తే ఆయనే దిగివస్తారు. తలకట్టులో ఉన్న పేరునూ గిట్‌లో ఉన్న పేరునూ పోల్చి చూసే చిన్న ప్రోగ్రాము రాసి నడిపింది.

ముప్పై ఏడు తేడాలు!

"దొరికారు బాబాయ్!" అని చప్పట్లు కొట్టుకుని ఆమె జాబితా చదవసాగింది. మొదటిదాన్లో గిట్ ప్రకారం తప్పు చేసింది టెస్టింగ్ చూసే అతను. తలకట్టులో మాత్రం "పొరపాటు నాది" అని బాబాయ్ పేరు. రెండోదీ అంతే. మూడోది తిరగబడింది: మూడు రోజులు కూర్చుని బాగుచేసింది బాబాయ్, తలకట్టులో పేరు అప్పుడే చేరిన అమ్మాయిది. ముప్పై ఏడూ ఇదే వరస. తప్పయితే ఆయనది, గొప్పయితే ఇంకొకరిది.

ఇరవై ఒకటోదాన్ని ఆమె రెండుసార్లు చదివింది. అది ఐదో అంతస్తు ఫైలు. ఎనిమిదేళ్ళ కిందట ఒక పెద్ద భవనంలో లిఫ్టు ఐదో అంతస్తులో ఆగనంటే ఆగనని ఒక పూటంతా భీష్మించుకుంది. పాపం అక్కడివాళ్ళు ఆరో అంతస్తుకు ఎక్కి మెట్లు దిగి వచ్చారు. "పొరపాటు నాది" అని బాబాయే రాసుకున్నారు కాబట్టి, ఎవరు కొత్తగా చేరినా "బాబాయ్ ఐదో అంతస్తును మాయం చేసిన కథ" చెప్పి నవ్వించడం లీడరమ్మకు అలవాటు. ఆయన కూడా పక్కనే కూర్చుని, "అవునమ్మా, ఎటు పోయిందో ఏమో" అని తలూపేవారు.

గిట్‌లో ఆ మార్పు ఎదుట ఉన్న పేరు లీడరమ్మది. ఆమె ఉద్యోగంలో చేరిన మూడో వారం నాటిది. సిగ్గుతో చచ్చిపోతూ ఆమె బాబాయ్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్‌గారూ, ఆ ఐదో అంతస్తు పొరపాటు నాదా?"

"ఎవరు చెప్పారు?"

"గిట్."

"చూశావా, అందుకే నాకది నచ్చదు. కడుపులో ఒక్కటీ దాచుకోదు."

"నవ్వించకండి. ఎందుకిలా చేశారు?"

"డైరెక్టర్‌కి గిట్ తెరవడం రాదమ్మా. గొడవ జరిగితే ఫైలు తెరిచి, పై పది వరుసలు చదివి, ఎవరి పేరుంటే వాళ్ళని పిలుస్తారు. చేరి మూడు వారాలైన పిల్లని పిలిస్తే నాలుగో వారం ఉంచుతారా? నన్నయితే నాలుగు తిట్టి, ఒక టీ ఇచ్చి పంపిస్తారు."

"ఎనిమిదేళ్ళుగా మీమీద జోకులేశానే!"

"బాగా చెప్పేదానివమ్మా. నాకూ నవ్వొచ్చేది." ఆయన గొంతు తగ్గించారు. "ఇవి తీసేస్తే, రేపు ఆయనకెవరో గిట్ నేర్పిస్తారు. అప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళ గతేంటి?"

లీడరమ్మ నేరుగా డైరెక్టర్ గదిలోకి వెళ్ళింది.

"ఐదో అంతస్తు పొరపాటు నాదండీ, బాబాయ్‌ది కాదు."

"ఏ ఐదో అంతస్తు?" అన్నారు డైరెక్టర్ అయోమయంగా.

"ఏదైనా సరేనండీ. ఇకమీదట మా టీములో ఎవరు తప్పు చేసినా పిలవాల్సింది నన్ను. ఫైళ్ళలో పేర్లు వెతకొద్దు."

"తిట్లు కూడా మీకేనా?"

"నాకేనండీ."

"అయితే నాకూ వెతికే పని తప్పింది," అని ఆయన ఒప్పేసుకున్నారు.

ఆమె తిరిగొచ్చి జరిగింది చెప్పింది.  బాబాయ్ చెయ్యి చాపి తన రాజీనామా పత్రం అడిగి తీసుకున్నారు. కలం తీసి, మూడో సవరణ కింద ఇంకో వరుస రాసి ఆమెకిచ్చారు.

"నాలుగో సవరణ. రాజీనామా రద్దు. కారణం: నా పని చూసుకునే మనిషి దొరికింది."