వెచ్చగా ఉంచిన డప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం కుండ పొయ్యి ఎక్కకపోయినా డప్పుకు మాత్రం మంట పెట్టిన రోజులు ఉన్నాయి. నాకు చదువు రాదు, సంతకం మటుకు చేస్తా. నేను చెప్తాంటే మనవరాలు రాస్తాంది. నా మాట మొరటుగా ఉంటాది, దాన్ని నున్నగా చెయ్యొద్దని ముందే చెప్పినా.

మాది మార్కాపురం పక్కన మెట్ట ఊరు. మేము మాదిగోళ్ళం. ఊరికి దిగువన మా పల్లె. మగోళ్ళు పలకల గనిలో రాయి తీసేవాళ్ళు, ఆడోళ్ళు రైతుల చేన్లకు కూలికి పోయేవాళ్ళు. ఊళ్ళో ఎవరు పోయినా మా వాళ్ళు డప్పు కొట్టాల. జాతరకు కొట్టాల, చాటింపుకు కొట్టాల. పల్లె మొదట్లో నిలబడి ఎవరో ఒకరు కేకేస్తే చాలు, తింటున్న ముద్ద వదిలేసి లేచిపోవాల. మీకు కుదురుతాదా అని అడిగినోళ్ళు లేరు.

ఊళ్ళో ఒక టీ హోటల్ ఉండేది. ఊరోళ్ళ గ్లాసులు లోపల బల్ల మీద. మా గ్లాసులు బయట చూరులో దోపి ఉండేవి. మనమే తీసుకోని కడిగి నేల మీద పెడితే, హోటలాయన పైనుంచి పోసేవాడు. తాగి మళ్ళా కడిగి చూరులోనే దోపాల. ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తన్నా కాబట్టి, గ్లాసులు ఉండే చోటే చూరు అనుకున్నా నేను.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, అట్ల అనుకోలేదు. గని కూలీలతో కలిసి మార్కాపురంలో మీటింగులకు పోయేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయనతో నడిచే వయసు పిల్లోళ్ళు కొంతమంది ఉండేవాళ్ళు. ఒకనాడు నేరుగా పోయి హోటల్లో బల్ల మీద కూర్చోని, లోపలి గ్లాసులో టీ అడిగినాడు. హోటలాయన గుమ్మం దిక్కు చూస్తా పోసినాడంట. చిన్నాయన తాగి బయటికి వస్తానే హోటలాయన ఆ గ్లాసును రాతికేసి పగలగొట్టినాడంట. ఇంటికొచ్చి చిన్నాయన నవ్వుతా చెప్పినాడు.

"పగలగొట్టనీలే. రేపు మళ్ళా పోతా. ఎన్ని గ్లాసులు కొనుక్కుంటాడో చూద్దాం."

"గ్లాసులయినాక నీ తలకాయే రా," అన్నది మా అవ్వ. ఆమె నవ్వలేదు.

చెప్పినట్టే రోజూ పోయినాడు. ఆ వారంలోనే ఊళ్ళో పెద్ద రైతు తండ్రి చచ్చిపోయినాడు. పల్లె మొదట్లో కేక పడింది. చిన్నాయన ఎదురు పోయి, హోటల్లో అందరికీ ఒకటే గ్లాసు పెట్టిన రోజు కొడతాం, అంతవరకూ కొట్టం అన్నాడు. ఆ శవం డప్పు లేకుండానే పోయింది. పల్లెలో అందరం వాకిళ్ళలో నిలబడి చూసినాం. పాడె ముందు చప్పుడు లేదు, వెనక మాట లేదు. నడిచేవాళ్ళ కాళ్ళ చప్పుడు మాకు వినపడింది. వాళ్ళు మా పల్లె దిక్కు తల తిప్పలేదు. ఒక్కరన్నా తిట్టి ఉంటే అవ్వకు అంత భయమయ్యేది కాదేమో.

మర్నాటి నుంచి మాకు చేన్లల్లో కూలి లేదు. దుకాణంలో ఉప్పు గూడా ఇయ్యలేదు. రైతు మోటారు కాడ నీళ్ళు పట్టుకోనియ్యలేదు. మా అమ్మా నాయనా తెల్లారకముందే ఎక్కడో దూరం ఊళ్ళకు కూలికి పోయేవాళ్ళు. నేనూ అవ్వా వాగులో చెలమ తోడుకోని బిందె నింపేవాళ్ళం. ఒకరోజు ఆ వాగు కాడికి హోటలాయన వచ్చినాడు. అటూ ఇటూ చూసి, మాకు దూరంగా నిలబడి చెప్పినాడు.

"అవ్వా, నీ కొడుకును కొన్నాళ్ళు కంభంలో మీ చుట్టాల ఇంటికి పంపు. నా హోటల్లో కూర్చోనే మాట్లాడుకుంటన్నారు. ట్రాక్టర్‌కు డీజిల్ గూడా పోయించినారు. నేను చెప్పినానని అనొద్దు."

అవ్వ బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది. చిన్నాయన అంతా విన్నాడు. "నేను పోతే వాళ్ళు ఊరికే ఉండరమ్మా. నా తర్వాతోడి కోసం వస్తారు," అన్నాడు. పోలేదు.

పోకపోయినా ఒక పని చేసినాడు. చుట్టుపక్కల పల్లెలకు తిరిగి, తనతో నడిచేవాళ్ళకు ఒక మాట చెప్పుకోని వచ్చినాడు. ఏ పల్లె మీదికి మనుషులొస్తే ఆ పల్లెలో డప్పు మోగాల. విన్న పల్లె తన డప్పు అందుకోవాల, అందుకోని బయలుదేరాల. అయితే పగటిపూట మగోళ్ళు ఇళ్ళల్లో ఉండరు. మా ఇంట్లో ఉండేది అవ్వా నేనే. చూరుకున్న డప్పు దించి నా మెడలో వేసినాడు. అది నా మోకాళ్ళ దాకా వచ్చింది.

"ఆడపిల్ల మెడలో డప్పేందిరా? ఎవరన్నా చూస్తే దీనికి పెళ్ళయితాదా?" అన్నది అవ్వ. మాలో ఆడోళ్ళు డప్పు ముట్టుకునేది లేదు ఆ కాలంలో.

"అయితాదిలేమ్మా. చెవిటోణ్ణి తెస్తా," అన్నాడు.

ఆ రోజు మబ్బుగా ఉన్నింది. కొట్టమన్నాడు. కొట్టినా. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు దబ్బుమన్నది. మా వాకిలి దాటి పోలేదు ఆ చప్పుడు. చిన్నాయన నాలుగు కందికట్టెలు అంటించి డప్పును మంటకు పట్టి, తిప్పి తిప్పి కాపినాడు. తోలు బిగిసింది. వేలితో ఊరికే తట్టినాడు, ఖంగుమన్నది. నా చెయ్యి తీసుకోని ఆ వెచ్చటి తోలు మీద పెట్టినాడు.

"చూడు పాపా. చల్లగుంటే ఇది చచ్చిన గొడ్డు తోలు. కాగితే పలుకుతాది. వాళ్ళొచ్చినాక మంట ఎతుక్కుంటే కుదరదు. రానప్పుడే కాపి పెట్టుకోవాల."

దరువు గూడా ఆయనే నేర్పినాడు. చావు దరువు ఆగి ఆగి పోతాది, ఇది ఆగగూడదన్నాడు. చేతులు పడిపోయినా ఆపగూడదన్నాడు.

అప్పటి నుంచి పొద్దున లేస్తానే కాపడం, పొద్దు వంగినాక కాపడం. ఏమీ జరగలేదు. ఏమీ జరగని ఆ దినాలే నాకు ఎక్కువ గుర్తు. కుక్క మొరిగితే అవ్వ లేచి నిలబడేది. యాడన్నా ట్రాక్టర్ చప్పుడైతే అందరం మాట ఆపి, అది దూరం పోయేదాకా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. ఊళ్ళో ఎదురుపడినోళ్ళు కోపంగా గూడా చూసేవాళ్ళు కాదు. అప్పుడే లేని మనుషులను చూసినట్టు చూసేవాళ్ళు. వండుకోను లేక కట్టెలు మిగిలినాయి, అవన్నీ డప్పు తినింది.

అట్ల ఉండగా ముసురు పట్టింది. గనిలో నీళ్ళు నిలిచి చిన్నాయనకు పని లేదు, ఇంట్లోనే ఉన్నాడు. మిగతా మగోళ్ళు బయట ఊళ్ళకు పోయినారు. మధ్యాహ్నం పల్లె మొదట్లో ట్రాక్టర్ వచ్చి నిలబడింది. ట్రాలీ నిండా మనుషులు, గొడ్డలి కామలు. ఇంజన్ ఆపలేదు.

"ఏందబ్బాయ్, ఒకసారి రా. పెద్దాయన మాట్లాడాలంట," అని పిలిచినాడు ఒకడు. మెత్తగానే పిలిచినాడు.

అవ్వ చిన్నాయన చొక్కా పట్టుకోని వదల్లేదు. ఆయన ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసినాడు. నా దిక్కు చూసి మెల్లగా, "పాపా, పొయ్యి కాడికి పో," అన్నాడు. బయటికి మటుకు గట్టిగా, "వస్తన్నానన్నా, చెప్పులేసుకోనీ," అన్నాడు. ఆయన చెప్పులేసుకున్నంత నిదానంగా లోకంలో ఎవరూ వేసుకోని ఉండరు.

పొయ్యి పక్కన డప్పు ఉంది. ముసురని నేను పొద్దున్నుంచి నిప్పుల సెగ నుంచి జరపలేదు. మెడలో వేసుకోని కొట్టినా. ఖంగుమని ఇల్లంతా అదిరింది. ట్రాలీలో ఒకడు నవ్వి, "ఎవురు పోయినారే పాపా, అప్పుడే కొడతన్నావు?" అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వినారు. వాకిట్లో చిన్నాయన మీద దెబ్బ పడిన చప్పుడు విన్నా. ఆయన అరవలేదు. నేను ఆపలేదు.

అప్పుడు గుట్ట అవతల ఇంకో డప్పు మోగింది. వాగు దిక్కున ఇంకోటి. నవ్వు ఆగిపోయింది. కాసేపటికి ముసురులో గట్ల మీద మనుషులు కనపడినారు. ఎక్కువ ఆడోళ్ళే, కలుపు తీస్తా తీస్తా చేతుల్లో కొడవళ్ళతోనే పరిగెత్తి వస్తన్నారు. ట్రాక్టర్ తిరిగింది. "ఈ పొద్దుకు బతికినావు పో," అన్నాడు పిలిచినోడు. చిన్నాయన కనుబొమ మీద చీలి నెత్తురు కారుతాంది. లోపలికొచ్చి నన్ను ఆపడానికి నా రెండు చేతులూ పట్టుకోవాల్సి వచ్చింది. అంత బిగిసిపోయినాయి నా చేతులు.

తర్వాత కేసయింది, పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చినారు. హోటల్లో చూరు గ్లాసులు తీసేసినారు. చిన్నాయన పోయి బల్ల మీద కూర్చోని టీ తాగినాడు. హోటలాయన గ్లాసు పగలగొట్టలేదు, కడిగి మిగతా వాటితో పెట్టినాడు. అది మేము చూసినాం.

ఆ మాట దగ్గర ఆపాలని ఉంటాది నాకు. కానీ ఆ వాన్లు పోయి ఎండలొచ్చినాక, ఏ డప్పూ వినపడనంత దూరంలో, గని దారిలో చిన్నాయన పడి ఉన్నాడు. ఏదో బండి తగిలిందని రాసుకున్నారు. ఏ బండో ఈ పొద్దుకూ తేలలేదు. శవం ముందు చావు దరువు కొట్టబోతే నేను కొట్టనియ్యలేదు. డప్పు నేనే మెడలో వేసుకోని, ఆయన నేర్పిన ఆగని దరువు కొట్టినా. గుట్ట అవతల నుంచి అందుకున్నారు. వాగు దిక్కు నుంచి అందుకున్నారు. మళ్ళా గట్ల మీద మనుషులు పరిగెత్తి వచ్చినారు.

ఇప్పుడు ఊళ్ళో టీ కాగితం కప్పుల్లో పోస్తన్నారు, ఎవరిది ఎవరు తాగినారో తెలీదు. చిన్నాయన ఉంటే నవ్వేవాడు. మా ఆయన బతికున్నప్పుడు, ఎవరొస్తారని రోజూ కాపుతావే పిచ్చిదానా అనేవాడు. ఆయన పోయి చాన్నాళ్ళయింది. మొన్న ఎండాకాలం పక్కూళ్ళో మనోళ్ళ పెళ్ళికొడుకును గుర్రమెక్కి వీధిలో పోనియ్యలేదంట. ఆ మాట చెప్పింది ఈ మనవరాలే. విని, పొయ్యిలో ఇంకో కట్టె పెట్టినా.

గ్యాస్ వచ్చినా ఆ కట్టెల పొయ్యి తీసెయ్యలేదు నేను. పొద్దు వంగినాక డప్పు దించి కాపుతా. వేలితో తట్టి చూస్తా. ఖంగుమన్నాకే అన్నానికి కూర్చుంటా.