జేబులో ఓటు

నిన్న మా ఊర్లో సర్పంచి ఎన్నికల్లో ఓటెయ్యబోయి పోలీసాయనతో తరిమించుకున్నానప్పా. ఆళ్లగడ్డ దాకా ఆ కబురు ఇంకా వచ్చినట్టు లేదు. వేరేవాళ్లు చెప్పకముందే నేనే చెప్తా, టీ తాగుతా ఇనండి.

కాలవ నీళ్ల కాడ కొట్లాటలో కొన్నేండ్లు జైల్లో ఉండొచ్చినా కదా. వచ్చినప్పటి నుంచి శిరివెళ్లలో మావోళ్లది ఒకటే మాట, "జైలుకు పోయినోనికి ఓటుండదు" అని. నేనూ నమ్మినా. నా భార్య రూతమ్మ మాత్రం, "యాడ రాసుంది? పోయి అడుగు. లేదంటే వాపసొస్తావు, అంతే కదా" అని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది.

ఓట్లేసే బడిలోకి పోతానే, పోటీలో ఉన్నాయన ఏజెంటొకాయన లేచినాడు. "సార్, ఈయప్ప జైలుకు పోయొచ్చినాడు. ఓటెట్లిస్తారు?"

గదిలో అందరూ నన్నే చూస్తాండారు.

నంద్యాల నుంచి వచ్చిన ఆఫీసరు తలెత్తి, "శిక్ష అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది సార్."

"లోపలున్నప్పుడే ఓటు లేదు. ఇప్పుడుంది, లిస్టులో పేరూ ఉంది. నువ్వు కూర్చోవయ్యా" అని ఏజెంటును కూర్చోబెట్టినాడు.

వేలికి సిరా పూసినారు, కాగితమిచ్చినారు. అట్ట చాటుకు పోయి ముద్ర వేసినా, మడిచినా. మడిచి ఆడనే నిలబడినా. జైల్లో పొమ్మనేదాకా కదలగూడదు, ఆ అలవాటు పోలా. వరసలో ఉన్నోళ్లు గొణుగుతాండారు.

"ఏందప్పా, ఇంకా కాలేదా?" అన్నాడు ఆఫీసరు.

"ఎప్పుడో అయింది సార్. మీరు పొమ్మనలేదు."

"ఈడ ఎవరూ పొమ్మనరు. అయిపోతే నువ్వే పోవచ్చు."

ఆ మాట ఎంత బాగుందో నాకు. కాగితం జేబులో పెట్టుకొని, ఓట్ల డబ్బా పక్కనుంచే దర్జాగా నడిచి బయటికొచ్చేసినా. గేటు దాటుతాంటే ఎనక నుంచి కేక. చూస్తే పోలీసాయన పరిగెత్తుకొస్తాండాడు. ఆగి, రెండు చేతులూ పైకెత్తినా.

"చేతులెందుకెత్తుతావప్పా, జేబులో ఓటు తియ్" అన్నాడు రొప్పుతా.

ఆడోళ్ల వరసలో రూతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతాంది. పోలీసాయన వెంట వాపసు పోయి డబ్బాలో వేసినా. అది లోపల పడినాక నాకు పానం కుదుటపడింది. ఆ ఏజెంటు కూడా నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు.

జైల్లో అన్నేండ్లుండి ఒక్కనాడూ గోడ దూకాలనుకోలేదప్పా నేను. బయటికొచ్చి, నా ఓటు నేనే ఎత్తుకొని పారిపోయినా.