వాడి వంతు బియ్యం

మా అబ్బాయి దుబాయ్ రేవులో టగ్గు మీద మెకానిక్కు; మేమంతా అక్కడే వాడి దగ్గర ఉండేవాళ్ళం. పెద్ద ఓడలకు తాడు కట్టి లాక్కొచ్చే చిన్న ఓడ అది. ఇరాన్, ఇరాక్‌ల యుద్ధం సముద్రం మీదికి పాకిన రోజుల్లో, దెబ్బ తగిలి కాలుతున్న ఓడ దగ్గరికి వాళ్ళను పంపారు. రెండు రోజుల్లో వస్తానన్నవాడు వారం దాటినా రాలేదు. కోడలు కంపెనీ ఆఫీసుకు వెళ్ళి అడిగితే ముదీర్, అంటే అక్కడి మేనేజరు, "ఇన్షా అల్లా" అని ఊరుకున్నాడట.

సాయంత్రాలు టీవీలో పాతకాలపు అమెరికా బొమ్మల సినిమాలు వేసేవారు. ఆ రోజు బొమ్మలో ఒక ఎలుగుబంటి సంసారం. తండ్రి యుద్ధానికి వెళ్ళాడు, ఇంట్లో అన్నీ రేషను. తల్లి ఎలుగుబంటి పంచదార బిళ్ళకు దారం కట్టి, అందరి కప్పుల్లోనూ ముంచి, మళ్ళీ డబ్బాలో దాచింది.

"మామ్మా, అచ్చం నువ్వే!" అని మనవరాలు పడీపడీ నవ్వింది.

"నవ్వింది చాల్లే. పంచదార ఊరికే వస్తుందేమిటే?" అన్నాను.

తరవాత ఆ తల్లి, తండ్రి పళ్ళెం తీసేసి అతని రొట్టె పిల్లలకు పంచేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి కోడలు అది చూసింది.

"అత్తయ్యగారూ, ఈ పూట ఆయన బియ్యం వెయ్యమంటారా, మానెయ్యమంటారా? రోజూ మిగిలిపోతోంది. పారేస్తే మీరు ఊరుకోరు కదా."

నేను మూడో తరగతితో బడి మానేసిన ఏడు మా నాన్న బర్మాలో, రంగూన్‌లో ఉన్నాడు. అక్కడ బాంబులు పడ్డాయన్నారు. రేషను బియ్యంలోనే మా అమ్మ ఆయన వంతు కూడా వండేది. ఒకనాడు మా నానమ్మ "ఇంక వెయ్యకు" అంది. ఏ కబురూ రాకముందే ఆ మాటతో మా నాన్న పోయినవాడైపోయాడు. మా అమ్మ ఆ పూట పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ఇలా తే, నేను కొలుస్తాను" అని కోడలి చేతిలో గ్లాసు తీసుకున్నాను. వాడి వంతు నిండుగా పోశాను. మిగిలింది మర్నాడు నేనే తిన్నాను.

వాడు తరవాతి వారం మధ్యాహ్నంపూట వచ్చాడు. ఒళ్ళంతా కాలిన నూనె వాసన. స్నానం చేయించి అన్నం పెట్టాం. మనవరాలు పక్కన చేరింది.

"నాన్నా, బాంబు పేలాక మొహమంతా నల్లగా అయిపోయి, మళ్ళీ కళ్ళు టపటపా ఆర్పుతారు కదా? టీవీలోలాగ?"



"ఆర్పరమ్మా" అన్నాడు.

అన్నం సగంలో వదిలేసి లేచాడు. మెతుకు వదిలితే ఒప్పుకోనిదాన్ని, ఏమీ అనకుండా చేతుల మీద నీళ్ళు పోశాను.