మూత తీయని ఇంకు ప్యాడ్

మహబూబ్‌నగర్ కోర్టులో మా సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేశానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గొప్పే. వేలిముద్ర వేయడానికి వచ్చినవాడు కాగితంలో ఏముందో తన నోటితో తిరిగి చెప్పేదాకా ఆయన ఇంకు ప్యాడ్ మూత తీసేవారు కాదు.

ఎనభైలలో, పని కోసం విదేశాలకు పోయేవాళ్ల చట్టం మారింది. పంపే ఏజెంటుకు సర్కారు లైసెన్సు ఉండాలన్నారు. "ఇంకో నాలుగు కాగితాలు పెరిగినయి, అంతే" అన్నారు తోటి వకీళ్లు. ఆయన మాత్రం, "చట్టం మన బీరువాల ఉంటే ఏం ఫాయిదా? పోయెటోని నోట్ల ఉండాలె" అనేవారు.

ఒకరోజు ఒక ఏజెంటు జడ్చర్ల నుంచి తాపీమేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. దుబాయి ఒప్పందం మీద ముద్ర వేయించాలి.

"జల్ది కానీయుండ్రి సాబ్, బస్సు పోతది" అని తొందరపెట్టాడు.

మా సీనియర్ ప్యాడ్ మూత మీద చెయ్యి పెట్టుకుని, ఒప్పందాన్ని నిదానంగా చదివి, కొత్త చట్టం ఏమంటుందో వివరించారు. "ఇగ నువ్వు చెప్పు తమ్మీ" అన్నారు.

మేస్త్రీ వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. లైసెన్సు మాట దగ్గర ఆగి, ఏజెంటు వైపు తిరిగాడు.

"అన్నా, నీ లైసెన్సు ఏది? జర సూపెట్టు."

ఏజెంటు సంచిలో వెతికినట్టు వెతికి, చాయ్ తాగొస్తానని వెళ్లి, మళ్లీ రాలేదు.

నేను మెచ్చుకోబోతే సీనియర్ ఆపారు. "నేనేం చేయలే. కేసు ఈ తమ్ముడే వాదించిండు."

ముద్ర వేశాక అందరూ వేలిని జుట్టుకు తుడుచుకుంటారు. ఆ మేస్త్రీ వేలికి ఇంకు అంటనే లేదు. అయినా అలవాటుగా దాన్ని జుట్టుకు రుద్దుకుని, కోర్టు మెట్లు దిగిపోయాడు.