వీరభద్రం గారు ఊగడం మానేసిన రోజు

ఫిబ్రవరి ఆఖరుకు వచ్చేసరికి ఢిల్లీ పక్కనున్న మా ఇందిరాపురంలో ప్రతి బాల్కనీలోనూ కంబళ్ళు వేలాడతాయి. చలికాలమంతా కప్పుకున్న బొచ్చు కంబళ్ళను ఉతికి ఎండకు వేస్తారు. సగం ఆరిన కంబళికి ఒక వాసన ఉంటుంది. తడి బొచ్చు, సబ్బు, ఎంత ఉతికినా వదలని మనిషి చెమట, అన్నీ కలిసిన వాసన. మొన్న మా కంబళిని తిరగేస్తుంటే అది గుప్పున ముక్కుకు తగిలింది. చేతిలో క్లిప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకది ఎలుగుబంటి వాసన. సరిగ్గా చెప్పాలంటే, ఎలుగుబంటి వేషం విప్పి బయటికి వచ్చిన వీరభద్రం గారి వాసన.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. రెండు వేల దశకం మధ్యలో ఆదివారం ఉదయాల్లో హిందీలో ఒక పిల్లల సీరియల్ వచ్చేది. అందులో ఝబ్రూ అనే ఎలుగుబంటి ఉండేది. ఝబ్రూ లోపల ఉన్న మనిషి ముఖం తెరమీద ఒక్కసారి కూడా కనబడలేదు. ఆయనది విజయనగరం. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు, కాపురం ఇక్కడికి దగ్గరే, వైశాలిలో. ఢిల్లీ తెలుగువాళ్ళు వేసుకునే నాటకాల్లో తప్పకుండా ఒక వేషం ఆయనది. నేను ఆ సీరియల్‌కి సహాయ దర్శకురాలిని. లక్ష్మీనగర్‌లో పీజీలో ఉంటూ, బస్సు మెట్టు మీద వేలాడుతూ నోయిడాలోని స్టూడియోకి వెళ్ళేదాన్ని. నిజమైన ఎలుగుబంటిని ఆడించి తీయడానికి చట్టం ఒప్పుకోదు కనుక మా దర్శకుడు ఉసూరుమంటూ బొచ్చు వేషం కుట్టించాడు. అందులో దూరడానికి సరైన మనిషి దొరకలేదు. ఒక నాటకంలో చూసి గుర్తుపెట్టుకున్న వీరభద్రం గారిని నేనే తీసుకెళ్ళాను. ఆఫీసులో అనుమతి తీసుకుని శని, ఆదివారాలు వచ్చేవారు.

మొదటి రోజే పేచీ వచ్చింది. డమరుకం వాయిస్తే ఝబ్రూ వెనక కాళ్ళ మీద లేచి గెంతాలని దర్శకుడు అన్నాడు. వీరభద్రం గారు చేతులు కట్టుకుని, ఆఫీసు హిందీలో ఎంతో మర్యాదగా, అది ఎలుగుబంటి ఆట కాదని, దాన్ని ఆడించేవాడి ఆట అని చెప్పారు. కొంచెం గడువు ఇవ్వమన్నారు. ఆ రోజుల్లో ఆగ్రా రోడ్డు మీద ఎలుగుబంట్లను పట్టుకుని నిలబడి, వచ్చేపోయే కార్లను ఆపే మనుషులు ఉండేవారు. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ అక్కడికి బస్సులో వెళ్ళి వచ్చారు. "ఆడించేటప్పుడు చూడకూడదమ్మా, ఆట అయిపోయేక చూడాలి. వాడు దాన్ని గుంజకి కట్టీసి టీ తాగడానికెళ్ళేడు. అప్పుడు చూసేను," అన్నారు నాతో. అని, ప్యాంటూ చొక్కాతోనే స్టూడియో మధ్యలో నిలబడి తల కిందికి వాల్చారు. బరువంతా ఒక కాలి మీద వేసి, మెల్లగా రెండో కాలి మీదికి మార్చి, మళ్ళీ మొదటి కాలికి తెచ్చారు. తల కూడా అటూ ఇటూ కదిలింది. ఎదురుగా ఉన్న లావుపాటి మనిషిని మరిచిపోయి నేను ఎలుగుబంటినే చూశాను. "ఎవడూ చెప్పకుండా, దానంతటది చేసుకుంటోందమ్మా. ఏదో పాట గుర్తొచ్చినట్టుంది దానికి," అన్నారు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

ఆ ఊపే సీరియల్‌ని నిలబెట్టింది. ఝబ్రూకి సంతోషం కలిగినప్పుడల్లా ఊగేది. తేనె దొరికితే ఊగేది, స్నేహితులు వస్తే ఊగేది. చానెల్ వాళ్ళు దాన్ని ప్రతి భాగం మొదట్లోనూ చివర్లోనూ పెట్టారు. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలు తలలు వాల్చి ఊగుతుంటే నా కళ్ళతో చూశాను. వైశాలిలో ఆయన స్కూటర్ దిగగానే కాంపౌండ్ పిల్లలంతా ఊగుతూ ఎదురొచ్చేవారు. ఎండాకాలం ఆ వేషం లోపల మనిషి ఉడికిపోతాడు. షాట్ అయ్యి తలకాయ తీసేస్తే ఎర్రబడిపోయిన ముఖంతో, మెడకు తడి తువ్వాలు చుట్టించుకుంటూ, "ఎలా ఉందమ్మా?" అని మొదట నన్నే అడిగేవారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి అంత ఆత్రంగా అడగడం నాకు ముచ్చటగా ఉండేది. నాటకాల్లో ఇన్నేళ్ళు వేసిన వేషాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అనేవారు.

ఒక ప్రత్యేక భాగం తీయడానికి, ఆడించేవాళ్ళ దగ్గర్నుంచి తెచ్చిన ఎలుగుబంట్లను ఉంచే శరణాలయానికి వెళ్ళాం. చుట్టూ చెట్లు, మధ్యలో విశాలమైన ఆవరణలు. కంచె అవతల ఒక మూల ఒక ఎలుగు నిలబడి ఉంది. ముక్కుకు తాడు లేదు, తాడు ఉన్న చోట మాత్రం మానిన పుండు ఉంది. తల వాల్చి, అటూ ఇటూ ఊగుతోంది. వీరభద్రం గారు పట్టలేని సంతోషంతో నా చెయ్యి లాగి, "చూడు, చూడు, మన ఝబ్రూ! నేను చేసింది సరిపోయిందా లేదా?" అన్నారు. పక్కనే ఉన్న పశువుల డాక్టరు, నా వయసు అమ్మాయే, ఆయనకేసి వింతగా చూసింది. ఏళ్ళ తరబడి పొట్టి తాడుతో కట్టేసి ఉంచితే అడుగు కదపడానికి వీలులేక అలా ఊగడం పట్టుకుంటుందని హిందీలో నెమ్మదిగా చెప్పింది. తాడు తీసేసినా, ఇంత చోటు ఇచ్చినా, అది ఇంకా ఆ గుంజ దగ్గరే ఉన్నట్టు నిలబడుతుందట. కొన్నింటికి పోతుందట, కొన్నింటికి ఎప్పటికీ పోదట.

"సంతోషం వేసినప్పుడు కాదా, బేటీ?" అని అడిగారాయన.

"నహీఁ, అంకుల్," అంది ఆ అమ్మాయి. "మా పాప కూడా ఇంట్లో ఝబ్రూలా ఊగుతుంది. దానికి నేను చెప్పలేకపోతున్నాను," అంది.

తిరుగు ప్రయాణంలో వ్యాను నోయిడా చేరాక, దిగేముందు ఆయన నాతో అన్నారు. "నేనింకా తెలివైనవాణ్ణనుకున్నానమ్మా. ఆడించేవాడు నేర్పింది వద్దని, దాని సొంతం ఏటో వెతికి తెచ్చేననుకున్నాను. తెచ్చింది దాని పుండు. దాన్ని పిల్లలకి నేర్పీసేను."

తర్వాతి శనివారం దర్శకుడి దగ్గర కూర్చుని ఊపు తీసెయ్యమని అడిగారు. మా దర్శకుడు చెడ్డవాడు కాదు. విన్నాడు, బాధపడ్డాడు కూడా. "కానీ భాయీసాబ్, జనం చూసేదే దానికోసం. అది ఏమిటో చూసేవాళ్ళలో ఎవరికి తెలుసు?" అన్నాడు. "నాకు తెలిసిపోయింది కదా, సర్," అన్నారు వీరభద్రం గారు. ఆ రోజు షాటులో ఝబ్రూకి తప్పిపోయిన స్నేహితుడు దొరుకుతాడు. డైరెక్టరు యాక్షన్ అనగానే ఝబ్రూ తల వాల్చింది. ఝబ్రూ ఊగలేదు. నాలుగు కాళ్ళ మీద వంగి నేల వాసన చూసింది, గోళ్ళతో తవ్వింది, మూతి చాచి చీమల పుట్టను పీల్చినట్టు పెద్ద శబ్దం చేసింది. కట్ అన్నారు. మళ్ళీ తీశారు. మళ్ళీ తవ్వింది. మధ్యాహ్నం దాకా అదే వరస. లైట్లవాళ్ళు విసుక్కున్నారు, నాకూ ఒళ్ళు మండింది. ఆయన్ని తెచ్చినది నేను, ఈ ఉద్యోగం పోతే నా గతేమిటని నా ఏడుపు నాది. చివరికి ఆయనే తలకాయ తీసి, జాగ్రత్తగా కుర్చీలో పెట్టి, "నా వల్ల కాదు సర్, క్షమించండి," అన్నారు.

వేషంలోకి వేరే మనిషి వచ్చాడు. మీరట్ కుర్రాడు, జిమ్‌కి వెళ్ళే ఒళ్ళు. వాడు హాయిగా ఊగాడు, సీరియల్ హాయిగా నడిచింది. నాకు మింగుడుపడని సంగతి ఏమిటంటే, ఆ మొదటి ఆదివారం వీరభద్రం గారు పిలవకుండానే స్టూడియోకి వచ్చారు. నోటి కంతలోంచి చూస్తూ ఎలా నడవాలో, కళ్ళు తిరుగుతున్నట్టుంటే ఏ చెయ్యి ఎత్తి సైగ చెయ్యాలో, లోపల పలచటి నూలు బనీనే ఎందుకు వేసుకోవాలో ఆ కుర్రాడికి ఓపిగ్గా చెప్పారు. నేను పక్కకు పిలిచి కోపంగా అడిగాను, వాడికి మీరెందుకు నేర్పాలని. "ఏటమ్మా అలాగంటావు. లోపలుండేది మనిషి కదా," అన్నారు. ఆ మాటకు ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో సరిగ్గా తెలియలేదు.

టీవీలో ఊపు ఆగలేదు, కాంపౌండ్‌లో మాత్రం ఆయన ఆపించారు. పిల్లలకు ఆయన ఆ పుండు కథ చెప్పలేదు. ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళితే, కింద గడ్డిలో లుంగీ ఎగ్గట్టి, అరిగిపోయిన మోకాళ్ళ మీద పాకుతున్నారు. వెనకాల ఏడెనిమిది మంది పిల్లలు పాకుతూ మూతులు చాచి నేలను పీలుస్తున్నారు. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుందని ఆయన ఎక్కడో చదివారు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆయన వీపెక్కుతున్నారు. మెట్ల మీద నిలబడ్డ వాళ్ళావిడ, "రేపు మూలుగుతారు చూడు. జెండూబామ్ నేనే రాయాలి," అంది నాతో. "అంకుల్, అబ్ మేరీ బారీ!" అని తన వంతు కోసం అరుస్తోంది ఒక చిన్నది. వాళ్ళలో ఒక్కరూ ఊగడం లేదు. కొత్త ఆట ముందు పాత ఆటను పిల్లలు మరిచిపోయారంతే. ఆయనకు మాత్రం ఆ రోజు ముఖంలో పాత వెలుగు కనిపించింది.

సీరియల్ ఆగిపోయింది, ఆయన రిటైరయ్యారు, గుండె జబ్బు వచ్చింది. చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు, "ఆ మూల నిలబడ్డ ఎలుగు ఇప్పుడైనా నడుస్తోందంటావా?" అని అడిగారు. ఓదార్చడానికి అవునని చెప్పేయవచ్చు. ఆయన దగ్గర ఆ పని చెయ్యలేక, వరండాలోకి వచ్చి ఆ శరణాలయం డాక్టరమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె వెళ్ళి కనుక్కుని, మళ్ళీ చేసింది. పొద్దున్నపూట చెట్ల దాకా నడుస్తుందట, పుట్టలు తవ్వుతుందట. సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ ఆ మూలకే వచ్చి ఊగుతుందట. ఉన్నదున్నట్టు చెప్పాను. "పొద్దున్న నడుస్తోంది కదమ్మా," అన్నారు.

ఇప్పుడు నేనే డైరెక్టర్ని, ప్రకటనలు తీస్తాను. మొన్న ఈ మధ్య ఒక బిస్కెట్ ప్రకటనకు ఆరేళ్ళ పాప వచ్చింది. లైట్లు సర్దినంతసేపూ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెరగని నవ్వుతో కూర్చుంది. మంచినీళ్ళు అడగలేదు, కాళ్ళు ఊపలేదు. యూనిట్ అంతా మురిసిపోయింది, ఎంత బుద్ధిమంతురాలో అని. నాకు ఆ గుంజ గుర్తొచ్చింది. పని ఆపించి, యూనిట్ వాళ్ళందరినీ టీకి పంపి, ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. ఇలా కూర్చోవడం ఎవరు నేర్పారని హిందీలో అడిగాను. ఆ పిల్ల నవ్వుతూనే, జవాబు చెప్పడానికి ముందు, తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది.