ఫొటోలోని నల్లరాయి

మా జాగ్రఫీ మేడం ఎక్కడికెళ్లినా ఆ చోటు పాత ఫొటోని కళ్లకెదురుగా పెట్టుకుని పోల్చి చూసేవారు. వినుకొండ దగ్గర వాగు వెడల్పు కొలవడానికి మమ్మల్ని తీసుకెళ్లిన రోజూ అంతే. నేను టేపు పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో ఉన్నాను.

"ఫొటోలో ఉన్న నల్లరాయి ఏదీ? ఇందాక కనబడింది కదా!" అన్నారావిడ.

"ఇక్కడ చినుకైనా లేదు కదండీ, మునగడానికి," అని నవ్వాడు వ్యాను డ్రైవరు.

ఆవిడ గబగబా మ్యాపు విప్పారు. "ఈ వాగు పుట్టింది కొండల్లోనండీ. అక్కడ కురిసుంటుంది. అమ్మాయ్, టేపు వదిలేసి బయటికి రా!"

స్కూలు టేపు పోతుందని నేను చుడుతూ నిలబడ్డాను. ఆవిడ చెప్పులతోనే దిగి, నా చేయి పట్టుకుని గట్టు మీదికి లాక్కొచ్చారు. ఆ వెనకే ఎర్రనీళ్లు మిరపమొక్కల్ని మోసుకుంటూ విరుచుకుపడ్డాయి.

మేడం తిట్టలేదు. అందరినీ మూడుసార్లు లెక్కపెట్టారు. నా మణికట్టు మీద ఆవిడ వేళ్ల గుర్తులు మర్నాటికీ పోలేదు.